తప్పు వేలిదా, మీటదా?

మన ఊళ్ళలో బోరింగును చూడనివారు ఉండరు. మీరు ఎన్నడూ వెళ్ళని ఊరికి చుట్టపుచూపుగా వెళ్ళారనుకోండి. దాహమైంది. వీధి మలుపులో బోరింగు కనిపించింది. దాన్ని ఎట్లా వాడాలో ఎవరినైనా అడుగుతారా? అడగరు. పొడవాటి ఇనుప చేయి "నన్ను పట్టుకో" అన్నట్లే ఉంటుంది. నీళ్ళు ఎక్కడ పడతాయో దాని మూతిని చూస్తేనే తెలిసిపోతుంది. ఒకసారి నొక్కగానే లోపల కడ్డీ కదిలిన చప్పుడు వినిపిస్తుంది. అనగా, "నీవు చేస్తున్నది సరియైనదే" అని యంత్రం జవాబు చెప్పిందన్నమాట. "వాడే విధానం" అని పక్కన బోర్డు రాసిపెట్టిన బోరింగును నేనైతే ఇంతవరకు చూడలేదు.

ఇప్పుడు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో డిగ్రీ చదువుతున్న అన్నయ్యనో అక్కయ్యనో గమనించండి. కాలేజీవారు చెప్పిన పాఠాల సాఫ్ట్‌వేర్‌ను ఫోనులో తెరుస్తారు. ఒకచోట నొక్కుతారు, వెనక్కి వస్తారు, మరొకచోట నొక్కుతారు. చివరకు "ఏడ ఒత్తాల్నో తెలుస్తలేదు" అని విసుక్కుంటారు. బోరింగుతో పోలిస్తే ఆ సాఫ్ట్‌వేర్ ఎంతో తెలివైనది. లక్షల లెక్కలను క్షణంలో చేయగలదు. మరి మనిషికి అర్థం కావడంలో అది బోరింగు కంటే ఎందుకు వెనుకబడింది? తప్పు నొక్కిన వేలిదా, నొక్కించుకున్న మీటదా?

ఇది వట్టి విసుగు కాదు, శాస్త్రజ్ఞులు కొలిచి చూసే ప్రశ్న. ఒక వస్తువు వాడేవారికి ఎంత తేలికగా లొంగుతుందనే గుణాన్ని యూజబిలిటీ అంటారు. మనం "వాడుక సౌలభ్యం" అందాం.

చూడటం నుండి నొక్కడం దాకా

యంత్రంతో పాఠం చెప్పించాలన్న కోరిక ఈనాటిది కాదు. 1960లోనే అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డోనాల్డ్ బిట్జర్ అనే ఇంజనీరు "ప్లేటో" అనే కంప్యూటర్ బోధనా పద్ధతిని మొదలుపెట్టాడు. మన దేశంలో 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఏ.టి.ఎస్.-6 అనే ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందించారు. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1982లో దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన దగ్గరే ఏర్పడింది. నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉన్నది అదే. కాలేజీకి రోజూ వెళ్ళలేనివారికి అది పుస్తకాల ద్వారా, రేడియో ద్వారా పాఠాలు చెప్పింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. టీవీ ముందు కూర్చున్న విద్యార్థి చేయవలసిన పని ఏమీ లేదు. మీట తిప్పేది ఒక్కరు, చూసేది ఊరందరూ. రేడియో పాఠం కూడా అంతే. 2008లో గ్రామీణ ప్రాంతాల ప్రతిభావంతులైన పిల్లల కోసం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో స్థాపించినప్పుడు మాత్రం పరిస్థితి మారింది. పదో తరగతి పాసై వచ్చిన విద్యార్థి చేతిలో ల్యాప్‌టాప్ పెట్టారు. ఇప్పుడు యంత్రాన్ని నడపవలసినవాడు విద్యార్థే.

ఆ విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో అందుకున్న శాస్త్రవేత్త ఆయన. మనిషి మాట్లాడే మాటను కంప్యూటర్‌కు అర్థమయ్యేటట్లు చేయడం ఆయన జీవితకాలపు పరిశోధన. ఆలోచిస్తే, అది కూడా మన ప్రశ్నకు సంబంధించినదే. మనిషి యంత్రం భాష నేర్చుకోవాలా, యంత్రం మనిషి భాష నేర్చుకోవాలా?

తరువాత 2020 వచ్చింది. కరోనా వల్ల బడులు, కాలేజీలు మూతపడ్డాయి. మన రాష్ట్రంలో ఆ ఏడు సెప్టెంబరు 1 నుండి బడిపిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళలో పాఠాలు వచ్చాయి. మీలో చాలామంది అప్పుడు టీవీ ముందు నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నవారే. డిగ్రీ, ఇంజనీరింగు విద్యార్థుల సంగతి వేరు. వాళ్ళు తమ ఫోనులోనే క్లాసులో చేరాలి, హాజరు వేయించుకోవాలి, పరీక్ష రాయాలి, జవాబు పత్రాన్ని ఫొటో తీసి పంపాలి. కాలేజీలు తిరిగి తెరిచినా ఈ పద్ధతి పోలేదు. 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన "స్వయం" పాఠాలలో సంపాదించిన మార్కులను, విశ్వవిద్యాలయం అంగీకరిస్తే, డిగ్రీలో కలుపుకోవచ్చు. కాబట్టి మీట దొరకకపోవడమంటే విసుగు ఒక్కటే కాదు, మార్కులు పోవడం కూడా.

గడియారం పెట్టి చూస్తే

మా స్టేషన్ ఘన్‌పూర్ నుండి రోజూ రైల్లోనో బస్సులోనో హనుమకొండ కాలేజీలకు వెళ్ళివచ్చే పిల్లలు చాలామంది ఉన్నారు. వారిలో మా బడిలో చదివిన ఒక అమ్మాయి, డిగ్రీ రెండో సంవత్సరం, ఒకనాడు ఇంటి దగ్గర సిగ్నల్ సరిగా లేదని మా బడికి వచ్చింది. ఆరు పేజీల అసైన్‌మెంటును కాలేజీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలి. ఆమె అనుమతి అడిగి, పక్కన కుర్చీ వేసుకుని, గడియారం చూస్తూ కూర్చున్నాను. సాయం చేయలేదు. చేస్తే కొలత చెడిపోతుంది!

ఆ పేజీని పెద్ద కంప్యూటర్ తెర కోసం తయారుచేశారు. ఫోనులో అది కుంచించుకుపోయి అక్షరాలు చీమల్లా ఉన్నాయి. మన వేలికొన వెడల్పు సుమారు 1 సెంటీమీటరు. అక్కడి మీటలు అందులో మూడో వంతు కూడా లేవు. ఒకటి నొక్కబోతే పక్కది పడింది. ఆరు ఫొటోలు ఎక్కించాక, "ఫైలు పెద్దదైనది" అని ఇంగ్లీషులో ఎర్రని అక్షరాలు వచ్చాయి. ఎంత ఉండాలో ముందు చెప్పలేదు. ఫొటోలను చిన్నవి చేసి మళ్ళీ ఎక్కించింది. చివర నొక్కవలసిన మీట, టైపు చేసే అక్షరాల పలక కింద దాగి ఉంది. అది దొరికేసరికి లాగిన్ గడువు ముగిసి, మళ్ళీ మొదటికి వచ్చింది.

మొత్తం 34 నిమిషాలు పట్టింది. తప్పు నొక్కుళ్ళు తొమ్మిది. అందులో ఏడు ఆ పేజీ అమరిక వల్ల జరిగినవే. ఐతే ఆ అమ్మాయి నోట వచ్చిన మాట వేరు. "నాకే వస్తలేదు సార్" అన్నది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. బోటనీలో తరగతి మొత్తానికి మొదటిగా వచ్చే పిల్ల ఆమె! యంత్రం పెట్టిన ఇబ్బందిని తన తెలివితక్కువతనంగా లెక్క వేసుకుంటున్నది. ఇట్లా నాలుగుసార్లు అనుకున్నవారు ఐదోసారి ఆ సాఫ్ట్‌వేర్ తెరవరు. ఎవరికీ ఫిర్యాదు కూడా చేయరు, మెల్లగా తప్పుకుంటారు. అందుకే ఇది కొలవదగిన విషయం.

ఏమి కొలవాలి?

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1998లో దీనికి ఒక నిర్వచనం ఇచ్చింది, 2018లో దాన్ని సవరించింది. ఆ ప్రమాణం సంఖ్య 9241, భాగం 11. దాని ప్రకారం చూడవలసినవి మూడు. అనుకున్న పని పూర్తయిందా? అందుకు ఎంత కాలం, ఎంత శ్రమ పట్టింది? చేసినవారికి తృప్తి కలిగిందా? మన అమ్మాయి విషయంలో పని పూర్తయింది, కాలం మితిమీరింది, తృప్తి సున్న.

ఆ నిర్వచనంలో మరొక మెలిక ఉంది. నాకు అన్నిటికంటె నచ్చినది అదే. వాడుక సౌలభ్యం వస్తువు ఒక్కదానిలోనే ఉండదట. ఎవరు వాడుతున్నారు, ఎందుకు వాడుతున్నారు, ఎటువంటి పరిస్థితిలో వాడుతున్నారు అనే మూడూ చెప్పకుండా "ఇది సులభం" అనడానికి వీల్లేదు. బోరింగు మీకు సులభమే కాని, మూడేళ్ళ మీ తమ్ముడికి దాని చేయి అందదు. హాస్టల్లో ల్యాప్‌టాప్, వైఫై ఉన్న విద్యార్థికి సులభమైన సాఫ్ట్‌వేరే, కదులుతున్న రైల్లో పగిలిన తెర ఫోనుతో నిలబడ్డవాడికి కష్టం కావచ్చు.

పనినీ కాలాన్నీ గడియారంతో కొలవవచ్చు. తృప్తిని ఎట్లా కొలవాలి? దీనికి 1986లో ఇంగ్లండులో జాన్ బ్రూక్ అనే ఆయన ఒక చిన్న ఉపాయం కనిపెట్టాడు. పది వాక్యాలు ఇస్తారు. ఒక్కొక్క వాక్యానికి "బొత్తిగా ఒప్పుకోను" అంటే 1, "పూర్తిగా ఒప్పుకుంటాను" అంటే 5. మధ్యలో ఎంతైనా వేయవచ్చు. బేసి సంఖ్య వాక్యాలన్నీ పొగడ్తలు. దీన్ని తరచుగా వాడాలనిపిస్తుంది, వాడేటప్పుడు ధైర్యంగా ఉంది వంటివి. సరి సంఖ్య వాక్యాలన్నీ ఫిర్యాదులు. అనవసరంగా చిక్కుగా ఉంది, తెలిసినవారి సాయం లేనిదే వాడలేను వంటివి. ఇట్లా ఒకటి విడిచి ఒకటి ఎందుకు పెట్టారు? చదవకుండా అన్నిటికీ 5 వేసుకుంటూ పోయేవారిని పట్టుకోవడానికి!

లెక్క ఇట్లా కట్టాలి. బేసి వాక్యాలకు వేసిన అంకె నుండి 1 తీసివేయాలి. సరి వాక్యాలకు 5 నుండి ఆ అంకెను తీసివేయాలి. పదింటినీ కూడి 2.5తో గుణించాలి. ఒక విద్యార్థి వరుసగా 4, 3, 2, 4, 4, 2, 3, 3, 2, 4 అని వేశాడనుకోండి. బేసి వాక్యాలవి 3, 1, 3, 2, 1, మొత్తం 10. సరి వాక్యాలవి 2, 1, 3, 2, 1; మొత్తం 9. రెండూ కలిపి 19. దాన్ని 2.5తో గుణిస్తే 47.5 వస్తుంది. అత్యధికం 100. ఐతే ఇది శాతం కాదు. పరీక్షలో 35 వస్తే పాసు కదా అని 47.5 చూసి సంతోషపడరాదు. వందలాది సాఫ్ట్‌వేర్‌ల మీద వచ్చిన ఫలితాలను పోల్చి చూస్తే సగటు 68 దగ్గర తేలింది. 47.5 అంటే సగటుకు చాలా దిగువ.

ఈ పద్ధతిని ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాలలో పాఠాల సాఫ్ట్‌వేర్‌లను తూచడానికి వాడుతున్నారు. ఇందులో ఒక తమాషా కూడా జరిగింది. బ్రూక్ రాసిన ఇంగ్లీషు వాక్యాలలో ఒకదానిలో "కంబర్‌సమ్" అనే మాట ఉంది. మోయడానికి ఇబ్బందిగా ఉన్నది అని దాని అర్థం. ఇంగ్లీషు మాతృభాష కానివారికి ఆ మాట అర్థం కావడం లేదని 2006లో క్రెయిగ్ ఫిన్‌స్టాడ్ అనే పరిశోధకుడు చూపించాడు. వాడుక సౌలభ్యాన్ని కొలిచే ప్రశ్నపత్రానికే వాడుక సౌలభ్యం తక్కువైందన్నమాట!

మొగమాటం ఎంత?

మన దగ్గర ఇంకొక చిక్కు ఉంది. మాష్టారు ఎదురుగా నిలబడి "బాగుందా?" అని అడిగితే బాగాలేదని ఎవరంటారు? చుట్టాలింట్లో కూర ఉప్పగా ఉన్నా "బాగుంది అత్తమ్మా" అనే దేశం మనది. ఈ మొగమాటాన్ని కూడా కొలిచారు. బెంగళూరులో 450 మందితో చేసిన ఒక పరిశోధన 2012లో వెలువడింది. రెండు ఒకే రకమైన వీడియోలను చూపించి, అందులో ఒకటి మాత్రం "ఇది అడుగుతున్నవారు తయారుచేసినది" అనిపించేటట్లు చెప్పారు. రెండింటికీ తేడా లేకపోయినా, అడిగేవారిదే బాగుందనడానికి సుమారు రెండున్నర రెట్లు మొగ్గు కనిపించింది. అడిగేవారు దుబాసీ అవసరమైన విదేశీయులైతే ఆ మొగ్గు ఐదు రెట్లు! కాబట్టి కాలేజీవారే తమ సాఫ్ట్‌వేర్ గురించి విద్యార్థులను అడిగి "అందరూ బాగుందన్నారు" అని చెబితే, ఆ మాటను కొంత తగ్గించి వినాలి. పేరు రాయకుండా జవాబిచ్చే ఏర్పాటు కొంత మేలు.

మార్కు తెలిసినంత మాత్రాన మరమ్మతు జరగదు. జ్వరం 102 ఉందని థర్మామీటరు చెబుతుంది కాని, జ్వరం దేనివల్లనో చెప్పదు. దానికి మనిషి పని చేస్తుండగా చూడవలసిందే. చేస్తున్నంతసేపు మనసులో అనుకునేదాన్ని పైకి చెబుతూ ఉండమంటారు. "ఈ గుర్తు ఏమిటో... నొక్కి చూస్తా... అరె, ఎటో పోయింది." ఇదంతా రాసుకుంటారు.

ఎంతమందిని చూడాలి? వందమందిని అక్కరలేదు. జాకబ్ నీల్సన్, థామస్ లాండౌర్ అనేవారు 1993లో కొన్ని పరిశీలనలను పోల్చి, ఒక్క మనిషిని గమనిస్తే సాఫ్ట్‌వేర్‌లోని లోపాలలో సగటున 31 శాతం బయటపడతాయని లెక్కగట్టారు. అంటే 69 శాతం దాగి ఉంటాయి. రెండో మనిషిని చూస్తే దాగినవి 0.69 × 0.69, అనగా సుమారు 0.48. ఐదుగురిని చూస్తే 0.69ని ఐదుసార్లు గుణించాలి. మీరే చేసి చూడండి, 0.156 వస్తుంది. ఐదుగురితో సుమారు 84 శాతం లోపాలు తేలిపోయాయి! అయితే ఆ ఐదుగురు ఎవరన్నది ముఖ్యం. ఐదుగురూ నగరంలో ల్యాప్‌టాప్ వాడేవారైతే, మన రైలు ప్రయాణికుని కష్టం ఐదుగురిలో ఒక్కరికీ ఎదురుకాదు.

మనవారిని చూస్తే తేలేవి

తెలుగు విద్యార్థులను గమనిస్తే ఎటువంటి లోపాలు తేలతాయో కొన్ని చెబుతాను.

మొదటిది పేరు. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. సాఫ్ట్‌వేర్ "ఫస్ట్ నేమ్" అని అడుగుతుంది. కోట లక్ష్మి అనే అమ్మాయి ఏమి రాయాలి? మొదట వచ్చే పేరు కనుక "కోట" అని రాస్తే, యంత్రం ఆమెను "కోటా!" అని పలకరిస్తుంది. "లక్ష్మి" అని రాస్తే సర్టిఫికెట్టు మీద "లక్ష్మి కోట" అని వస్తుంది. పదో తరగతి మెమోలో ఉన్నది "కోట లక్ష్మి". ఈ తేడాను సరిచేయించుకోవడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో పెద్దలను అడగండి. ఇనిషియల్ తరువాత చుక్క పెడితే ఒప్పుకోని పేజీలు కూడా ఉన్నాయి. "పూర్తి పేరు, మెమోలో ఉన్నట్లు" అని ఒకే గడి పెడితే ఈ గొడవంతా ఉండదు. పది నిమిషాల పని.

రెండోది అక్షరం. "స్త్రీ" అనే అక్షరం మనకు ఒకటే. కంప్యూటర్ మాత్రం యూనికోడ్ పద్ధతిలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అని ఆరుగా లెక్కిస్తుంది. జవాబుకు 100 అక్షరాలు మించరాదని నియమం పెట్టిన గడిలో తెలుగులో రాసేవారికి చోటు ముందే అయిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కోసిన గడులలో మన వత్తులు సగం తెగిపోవడం మీరూ చూసి ఉంటారు.

మూడోది డేటా. దీన్ని లెక్కతో చూద్దాం. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వచ్చే వీడియో 45 నిమిషాలు, అనగా 2,700 సెకన్లు నడిస్తే 2,700 మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైటు కనుక సుమారు 337 మెగాబైట్లు. రోజుకు ఐదు క్లాసులైతే 1,687 మెగాబైట్లు. రోజుకు 1.5 గిగాబైట్ల ప్యాకు వేయించుకున్న విద్యార్థికి ఐదో క్లాసు సగంలోనే ఆగిపోతుంది. అదే పాఠాన్ని సెకనుకు 32 కిలోబిట్ల ధ్వనిగా మాత్రమే పంపితే 45 నిమిషాలకు సుమారు 11 మెగాబైట్లే. పటాలను విడిగా పంపవచ్చు. ముప్పై రెట్ల తేడా! "వీడియో వద్దు, మాట చాలు" అనే మీట ఒకటి ఉంటే ఎంతమంది క్లాసులో మిగిలేవారో ఆలోచించండి. రేడియోతో పాఠాలు చెప్పిన రోజుల తెలివిని మనం కొంత మరచిపోయామని నా అభిప్రాయం.

మీరే చేసి చూడండి

దీనికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక గడియారం, ఒక కాగితం, పెన్సిలు చాలు. సాఫ్ట్‌వేర్ ద్వారా చదువుకునే డిగ్రీ, ఇంజనీరింగు, పాలిటెక్నిక్ విద్యార్థులు ఐదుగురిని ఎంచుకోండి. కొందరు ఫోను వాడేవారు, కొందరు ల్యాప్‌టాప్ వాడేవారు ఉండాలి. "నిన్ను పరీక్షించడం లేదు, సాఫ్ట్‌వేర్‌ను పరీక్షిస్తున్నాను" అని మొదటే చెప్పండి. ఇది తప్పనిసరి. అందరికీ ఒకే పని ఇవ్వండి. ఫలానా పాఠాన్ని వెతికి తెరవడం, ఒక ప్రశ్నకు జవాబు పంపడం వంటిది. వారి పాస్‌వర్డు టైపు చేసేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోండి.

కాగితాన్ని నాలుగు నిలువు గడులుగా గీయండి. పని పూర్తయిందా, ఎన్ని నిమిషాలు పట్టింది, తప్పు నొక్కుళ్ళు ఎన్ని, "నాకే వస్తలేదు" అని ఎన్నిసార్లు అన్నారు. ప్రతి తప్పు నొక్కుడు పక్కన ఆ సమయంలో తెర మీద ఏమి ఉందో రెండు మాటల్లో రాయండి. ఒకేచోట ఇద్దరు ముగ్గురు తప్పు నొక్కితే ఆ చోటు చుట్టూ సున్న చుట్టండి. చివర ఆ కాగితానికి నకలు తీసి వారికే ఇవ్వండి, కాలేజీలో చూపించుకుంటారు. వారు చిక్కుకున్నప్పుడు మీ వేలు తెర మీదికి పోకుండా చూసుకోండి. అన్నిటికంటె కష్టమైన పని అదే. నేను ఆ 34 నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చున్నాను.